మీకు చూపించడానికి ఏమీ లేదు

ఆ రోజు కూడా ఆవిరమ్మ అందరికంటే ముందే మేడ మెట్లు దిగి లాండ్రీ తలుపులు తీసింది. లైట్లు వేసింది. పెద్ద మెషీన్ తలుపు రబ్బరు మీద చెయ్యి పెట్టి తడి ఆరిందో లేదో చూసింది. మడతలు పెట్టిన దుప్పట్ల దొంతర మీద ఎవరో ఖాళీ టీ గ్లాసు వదిలేసి పోతే, "వీళ్ళ మతిమరుపు తగలెయ్య" అని విసుక్కుంటూ తీసి పక్కన పెట్టింది. అంతా రోజూ ఉండే తంతే.

ఆవిరమ్మ అన్నది ఆవిడ అసలు పేరు కాదు. ఇస్త్రీ బల్లల దగ్గర పనిచేసేవాళ్ళు చాటున పెట్టుకున్న పేరు. ఎంత తొందరగా వేడెక్కుతుందో అంత తొందరగా చల్లారుతుందని అలా పెట్టారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలియనట్టు ఉంటే అప్పుడప్పుడు వేడెక్కడానికి వీలుగా ఉంటుందని ఊరుకుంది.

హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల తెల్లకోట్లు, హాస్టళ్ళ దిండు గలీబులు ఉతికి ఇచ్చే ఆ లాండ్రీ ఒకే ఒక్క మెషీన్‌తో మొదలై ఆవిడ చేతుల మీద పెరిగింది. భర్త బళ్ళో లెక్కల మాష్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఎన్ని లెక్కలు చెప్పినా మూటల లెక్క మాత్రం ఆయనకి ఏనాడూ కుదరలేదు. ఒక్కగానొక్క కొడుకు బయట తిరిగి కొత్త హోటళ్ళని పట్టుకొస్తాడు. కోడలు పెళ్ళికి ముందు ఏదో ఆఫీసులో లెక్కలు చూసేది. ఇప్పుడు ఇక్కడే, ఆఫీసు గదిలో రెండో బల్ల దగ్గర కూర్చుంటోంది.

ఆవిరమ్మ మొదటి బల్ల దగ్గర కూర్చుని కంప్యూటరు పెట్టింది. పొద్దున్నే గళ్ళు చూసుకోవడం ఆవిడకి కొత్తగా అబ్బిన అలవాటు. సాఫ్ట్‌వేర్ పెట్టడానికొచ్చినతను దాన్ని డాష్‌బోర్డ్ అన్నాడు. డాష్‌బోర్డ్ కారుకుంటుంది గానీ లాండ్రీకెందుకుంటుందని అతనితో వాదించి, గళ్ళు గళ్ళుగా ఉంది కనక 'గళ్ళు' అని ఆవిడే పేరు పెట్టింది. ఉతకాల్సిన మూటలకో గడి, పంపాల్సిన మూటలకో గడి, రిపేరుకొచ్చిన మెషీన్లకి ఒకటి, సబ్బు నిల్వకి ఒకటి, ఫిర్యాదులకి ఒకటి. మొదట్లో ఆ సాఫ్ట్‌వేర్ పేరెత్తితే ఇంతెత్తున లేచిన మనిషి, కోడలు దాని భాషని తెలుగులోకి మార్చిపెట్టాక మెత్తబడింది. మెత్తబడటమేమిటి, ఆ గళ్ళు చూడనిదే పొద్దున టీ గొంతు దిగేది కాదు.

తెర వెలిగింది. ఒక్క గడి కూడా లేదు. తెల్లటి తెర మధ్యలో మూత తీసిన ఖాళీ పెట్టె బొమ్మ ఒకటి ఉంది. దాని కింద చక్కటి అక్షరాలతో ఇలా ఉంది: 'మీకు చూపించడానికి ఏమీ లేదు.'

ఆవిరమ్మ కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుని మళ్ళీ చదివింది. అవే అక్షరాలు. కంప్యూటరు ఆపి, మనసులో దండం పెట్టుకుని, మళ్ళీ పెట్టింది. అదే పెట్టె.

నిన్న మధ్యాహ్నం ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏవో మార్పులొచ్చాయి. ఇక మీదట ఎవరి తెరని వాళ్ళకి నచ్చినట్టు అమర్చుకోవచ్చని ఒక కబురు కనబడింది. ఆవిడకి అమర్చుకోవాలన్న సరదా లేదు. ఉన్నవి ఉంటే చాలు. అందుకే నిన్న సాయంత్రం మేడ మీదికి వెళ్ళేముందు ఒక్కో గడినీ దగ్గరుండి జాగ్రత్త చేసి మరీ వెళ్ళింది. అలాంటిది తెల్లారేసరికి ఎవరో ఊడ్చిపెట్టారు.

ఎవరో ఏమిటి? ఆవిడకి మొన్న చెవిన పడ్డ మాట గుర్తొచ్చింది.

దానికి ముందు ఒక చిన్న భాగోతం జరిగింది. ఆసుపత్రి మూట ఎక్కడికి వెళ్ళాలో ఆవిడే గడిలో మార్చింది. అది కాస్తా హోటలుకి వెళ్ళింది. హోటల్లో దిగినవాళ్ళకి మంచాల మీద దుప్పట్లకి బదులు డాక్టరు కోట్లు దొరికాయి. అంతకు ముందు దిండు గలీబుల విషయంలోనూ ఇలాగే అయింది. ఆ సాయంత్రం ఆవిడ మెట్లెక్కుతుంటే వంటింట్లోంచి కొడుకు గొంతు వినబడింది: "అమ్మని వీక్షకురాలిగా మార్చేద్దాం. చూస్తుంది, అంతే. మార్చడానికి ఉండదు." కోడలు ఏదో అంది. కుళాయి చప్పుడులో అది వినబడలేదు.

వీక్షకురాలు! టీవీ సీరియళ్ళు చూసేవాళ్ళని కదా అలా అంటారు. తను పెట్టిన లాండ్రీలో తను కుర్చీ వేసుకుని కూర్చుని చూడాలట. ఇప్పుడేమో ఆ చూసే భాగ్యం కూడా లేకుండా చేశారు. ఆవిరమ్మ కుర్చీ వెనక్కి తోసి లేచి, మెట్లు గబగబా ఎక్కింది.

మాష్టారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు.

"ఏమండీ, నా గళ్ళు పోయాయి."

మాష్టారు పేపరు దించలేదు. "ఏ దుప్పటివి?"

"దుప్పటివి కాదండీ! కంప్యూటర్లోవి!"

"కరెంటు పోయిందేమో చూడు."

"కరెంటు పోతే తెర నల్లగా ఉండదూ? ఇది తెల్లగా ఉంది. మల్లెపువ్వులా ఉంది!"

"లాండ్రీవాళ్ళకి అంతకంటే ఏం కావాలోయ్?"

"నా కడుపు మండిపోతుంటే మీకు వేళాకోళంగా ఉందా?" అంటూండగానే ఆవిడ గొంతు జీరపోయింది. అప్పుడు గానీ మాష్టారు పేపరు మడవలేదు.

"ఎవరి మీద అనుమానం?"

"అనుమానమేముంది, తెలుస్తూనే ఉంటే! మొన్న మీ సుపుత్రుడు అన్నాడు. ఇవాళ చేసి చూపించారు."

"అన్నది వాడు. మరి అమ్మాయి ఏమంది?"

"అదే కదా ఆ మీటలన్నీ నొక్కేది. వీడికి జేబులో ఉన్న బండి తాళమే దొరకదు, వీడికి ఇవన్నీ వచ్చా?"

"అయితే వెళ్ళి అమ్మాయినే అడుగు."

"నా గళ్ళేవమ్మా అని నా లాండ్రీలో నేను అడుక్కోవాలా? చస్తే అడగను."

మాష్టారు మడిచిన పేపరు పక్కన పెట్టారు. "పక్కవాణ్ణి అడిగి రాయొద్దని బళ్ళో పిల్లలకి చెబుతూ ఉండేవాణ్ణి. ఇది పరీక్ష కాదు కదే. అడిగితే మార్కులు పోవు" అన్నారు. మాష్టారు మంచి మాట చెప్పినప్పుడల్లా ఆవిరమ్మకి ఇంకాస్త కోపం వస్తుంది. విసవిసా వంటింట్లోకి నడిచింది.

వంటింట్లో కోడలు టీ వడకడుతోంది. మామూలుగా అయితే అత్తగారి అడుగుల చప్పుడు వినగానే, "అత్తయ్యా, ఇవాళ మూటలెన్ని?" అని అడిగేది. ఇవాళ మాట్లాడలేదు. కప్పు తెచ్చి ముందు పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తప్పు చేసినవాళ్ళ మొహం ఇలాగే ఉంటుందని ఆవిరమ్మ అప్పటికప్పుడు తేల్చేసుకుంది. టీ ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టింది.

"చక్కెర లేదు."

"మరిచిపోయానత్తయ్యా."

"ఇవాళ ఈ ఇంట్లో అన్నీ మాయమైపోతున్నాయి."

కోడలు తలెత్తింది. "అవును. చూశాను."

"ఓహో. చూశావన్నమాట."

"లేవగానే ఫోన్లో చూశాను. మనసులో అలా ఉన్నప్పుడు ఒక్క మాట నోటితో చెబితే సరిపోయేది కదా. ఇలా చెయ్యక్కర్లేదు."

ఆవిరమ్మకి తల తిరిగినంత పనైంది. ఆ మాట తను కదా అనాలి? తన డైలాగు కోడలు చెబుతోందేమిటి?

"చెప్పాల్సింది నేనా?" అంది.

"మరెవరు? యజమాని మీరు. చూపిస్తే చూస్తాను, లేకపోతే లేదు. నేను పరాయిదాన్నని ముందే తెలిసి ఉంటే ఆ గదిలో రెండో బల్ల వేయించుకునేదాన్నే కాదు."

"పరాయిదానివని ఎవరన్నారమ్మా?"

"ఒకరు అనాలా? కనబడుతూనే ఉంది."

"ఏం కనబడుతోంది? నాకేమీ కనబడ్డం లేదు!"

"నాకూ ఏమీ కనబడ్డం లేదు!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోడలు చెంగుతో కళ్ళు ఒత్తుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయింది. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది వ్యవహారం అనుకుంది ఆవిరమ్మ. కానీ అలా అనుకున్నా మనసు కుదుటపడలేదు. ఎక్కడో లెక్క తప్పింది. ఎక్కడో తెలియడం లేదు.

కింద అప్పటికే పనివాళ్ళు వచ్చేశారు. వచ్చారన్న మాటే గానీ పని మొదలవలేదు. ఉతికేవాళ్ళు మెషీన్ల ముందు, ఇస్త్రీవాళ్ళు బల్లల ముందు నిలబడి ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకుంటున్నారు. వ్యాను డ్రైవరు ఆవిడకి ఎదురొచ్చాడు.

"అమ్మగారూ, నా ఫోన్లో 'మీకు చూపించడానికి ఏమీ లేదు' అని వస్తోందండీ. అంటే ఇవాళ సెలవాండీ?"

"సెలవూ లేదు, గిలవూ లేదు."

"మరి ముందు ఏ మూట ఎక్కించమంటారు?"

ఆవిరమ్మ చెప్పడానికి నోరు తెరిచింది. నోరైతే తెరుచుకుంది గానీ మాట రాలేదు.

గోడ పొడుగునా మూటలు. అన్నీ ఒకే తెలుపు, ఒకే సైజు. మూతి దగ్గర నంబరు చీటీ తప్ప ఇంకే గుర్తూ లేదు. ఏ నంబరు ఎవరిదో గళ్ళలో ఉంటుంది. గళ్ళేమో లేవు. ఇదివరకు ఆవిడ మూట మూతికి రంగు దారం కుట్టేది. ఆసుపత్రికి ఎర్రది, హోటలుకి నీలం. సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ దారాలు అటకెక్కాయి. స్టేషను దగ్గర హోటలు వాళ్ళకి ఇవాళా రేపా? హాస్టలు దుప్పట్లు ఉతికారా, ఇంకా నానుతున్నాయా? ఇదివరకు నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేది. ఇప్పుడు ఎంత తడుముకున్నా ఒక్కటీ తగలడం లేదు.

"ఉండవయ్యా, చెబుతాను" అని, ఏదో చూసుకోవాల్సిన పని ఉన్నట్టు ఆరబెట్టే మెషీన్ల వెనక్కి వెళ్ళింది. అక్కడ వేడి గాలిలో గోడకి ఆనుకుని నిలబడింది. తెర ఒక్కటే ఖాళీ అయిందా, తన తల కూడా అయిందా? అబ్బాయి అన్నదాంట్లో తప్పేముంది? కోట్లు ఒక చోటికి, గలీబులు ఒక చోటికి పంపే మనిషిని చూస్తూ కూర్చోమనక ఏం చేస్తారు? ఇన్నాళ్ళూ ఎవరైనా తనని పక్కకి నెడతారేమో అనుకుంది. తనే జారిపోతున్నానేమో అన్న ఆలోచన మొదటిసారి వచ్చింది. ఆవిడకి నిజంగా భయమేసింది.

ఆఫీసు గదిలోంచి కొడుకు కేకలు వినబడ్డాయి.

"ఏమిటీ గోల? అటునుంచి హోటలువాళ్ళు ఫోను మీద ఫోను! ఇక్కడ వ్యాను కదల్లేదు! ఎవరు తీసేశారు ఇవన్నీ?"

ఆవిరమ్మ కళ్ళు తుడుచుకుని గదిలోకి వచ్చింది. కోడలు రెండో బల్ల దగ్గర ఫోను పట్టుకుని నిలబడి ఉంది. చప్పుడు విని మాష్టారు కూడా మెట్లు దిగి గుమ్మంలో ఆగారు.

"మీ ఆవిణ్ణే అడుగు" అంది ఆవిరమ్మ.

"మీ అమ్మగారినే అడగండి" అంది కోడలు అదే క్షణంలో.

కొడుకు అటూ ఇటూ చూసి, కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడి, చివరికి పెళ్ళాం వైపు తిరిగాడు. ఆ తొందరలో నోరు జారాడు. "నేను అమ్మ ఒక్కదానికే కదా మార్చమన్నది? అందరికీ ఎందుకు తీసేశావ్?"

మాష్టారు గట్టిగా నిట్టూర్చారు.

"విన్నారా?" ఆవిరమ్మ మాష్టారి వైపు తిరిగింది. "విన్నారా మీ కొడుకు మాట? ఇస్త్రీ బల్ల చివర దుప్పటి పరిచి వీణ్ణి పడుకోబెట్టుకుని పని చేశాను. ఇవాళ వీడికి నేను ఒక్కదాన్నే బరువైపోయాను. నన్ను తీసెయ్యాలనుకుంటే ఎదురుగా నిలబడి 'అమ్మా, ఇక చాల్లే' అనరా! చాటుగా మీటలు నొక్కించడం ఏమిటి?"

"నేనేమీ నొక్కలేదు!" కోడలు గట్టిగా అంది. ఆ గొంతు అంత పైకి లేవడం ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. "ఆయన మార్చమన్నమాట నిజం. నేను ముట్టుకోలేదు. తీసింది మీరు! ఇదిగో, మీరే చదవండి."

ఫోను తెచ్చి ఆవిడ కళ్ళ ముందు పెట్టింది. అదే ఖాళీ పెట్టె. దాని కింద సన్నటి అక్షరాల్లో: 'ఇక్కడ ఉన్నవాటిని యజమాని దాచారు.'

"ఇది చూశాక నాకెలా ఉంటుందత్తయ్యా? నేనేం అపకారం చేశానని నా నుంచి దాచారు?"

"అవును, దాచాను!" అంది ఆవిరమ్మ. "దాచానమ్మా. దాచడం కూడా తప్పేనా? నిన్న సాయంత్రం ఒక్కొక్కటీ కూర్చుని దాచాను. అంత పదిలంగా దాచినవాటిని తీసిందెవరని కదా పొద్దుట్నుంచీ నేను మొత్తుకుంటున్నది!"

కొడుకు ఏదో అనబోయాడు. కోడలు చెయ్యి అడ్డం పెట్టి అతన్ని ఆపింది. ఆమె మొహంలో కోపం పోయి ఇంకేదో వస్తోంది.

"అత్తయ్యా," అంది నెమ్మదిగా, "ఎందుకు దాచారు?"

"ఎందుకు దాస్తారు? పోకుండా! ఏవో మార్పులొచ్చాయన్నారు. ఏ గడి ఎటు పోతుందో అని భయమేసింది. మూల మీద మూడు చుక్కలుంటే నొక్కాను. 'దాచు' అని వచ్చింది. చెప్పకుండానే నా మనసు కనిపెట్టింది, బుద్ధిగల మెషీనే అనుకుని అన్నీ దాచాను."

"దాచాక, రేపట్నుంచీ ఇది అందరికీ వర్తించాలా అని అడగలేదా?"

"అడిగింది. అవునన్నాను. నా ఒక్కదానికే దాచుకుని మిమ్మల్నందర్నీ గాలికి వదిలేస్తానా? అందరికీ దాచాను."

కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మా! ఆ దాచు అంటే దాచుకోవడం కాదే. కనబడకుండా దాచెయ్యడం!"

"ఏమిట్రా తేడా? దాచు అంటే దాచుకోమనేగా అర్థం? కంటికి కనబడకుండా చెయ్యడానికైతే 'మాయం చెయ్యి' అని రాసి ఏడవొచ్చుగా!"

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే" అన్నారు మాష్టారు గుమ్మంలోంచి.

మొదట నవ్వింది కోడలే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ నవ్వుతూ బల్ల మీదికి వాలిపోయింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపుగా మారిందో ఎవరికీ తెలియలేదు. "నా నుంచి దాచారనుకున్నాను" అంది వెక్కుతూ. "నా కోసం దాచారని తెలీదత్తయ్యా."

"ఏడవకమ్మా. కంప్యూటరు మీద కన్నీళ్ళు పడతాయి" అంది ఆవిరమ్మ. ఆవిడ కళ్ళ నుంచీ నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

కోడలు మొదటి బల్ల దగ్గర వంగి ఎక్కడో ఏదో నొక్కింది. గళ్ళన్నీ ఒక్కొక్కటే వచ్చి వాటి చోట్లలో కూర్చున్నాయి. బయట ఫోన్లు టింగుటింగుమన్నాయి. మెషీన్లు తిరగడం మొదలైంది. డ్రైవరు మూటలెక్కించుకుని, సెలవు రాలేదన్న దిగులుతోనే కాబోలు, హారను గట్టిగా కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

కొడుకు కూడా లేచాడు. "అమ్మయ్య" అంటూ గుమ్మం వైపు నడవబోతుంటే ఆవిరమ్మ ఆపింది.

"నువ్వు కూర్చో. గళ్ళ సంగతి నా తెలివితక్కువ, ఒప్పుకున్నాను. మరి వీక్షకురాలి సంగతేమిటి?"

కొడుకు కూర్చున్నాడు. నేల చూపులు చూశాడు. "అన్నానమ్మా. ఆసుపత్రివాళ్ళు కోట్ల గొడవకి నన్ను నిలబెట్టి కడిగేశారు. నీకు చెబితే బాధపడతావని, చెప్పకుండా మార్చేద్దామనుకున్నాను. నా పాస్‌వర్డ్‌తో నీ హోదా మార్చమని తనకి చెప్పాను."

"నేనేమన్నానో మీరు వినలేదా?" కోడలు అత్తగారిని అడిగింది.

"కుళాయి చప్పుడులో వినబడలేదు."

"అత్తయ్యని అడిగి, ఆవిడ సరేనంటే ఆవిడ ముందే మారుస్తాను గానీ చాటుగా ముట్టుకోనన్నాను."

ఆవిరమ్మకి అప్పటిదాకా దిగమింగుకున్నది ఇక ఆగలేదు. "నాకు ఏడుపొచ్చింది తెర ఖాళీ అయిందని కాదే. డ్రైవరు వచ్చి ఏ మూట అని అడిగితే నా బుర్రలోనూ ఏమీ లేదు. ఒక్క నంబరు గుర్తు రాలేదు. అంతా పోతోందేమో నాకు. నువ్వు మార్చి ఉన్నా తప్పు లేదేమో."

"అత్తయ్యా!" కోడలు ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "మీరు మెషీన్ల వెనక్కి వెళ్ళాక అతను నా దగ్గరికీ వచ్చాడు. నేనూ నోరు తెరుచుకుని నిలబడ్డాను. నా బుర్రలోనూ లేదు. ఈయన బుర్రలో ఎప్పుడూ లేదు."

"ఇదిగో, నన్నెందుకు..." అన్నాడు కొడుకు.

"గళ్ళలో ఉంటే తలలో ఎవరు పెట్టుకుంటారు? మీరొక్కరే కాదు, మనందరం అలాగే ఉన్నాం. ఆ కోట్ల తప్పు నేనూ చెయ్యొచ్చు. ఒక పని చేద్దాం. మూట ఎక్కడికి వెళ్ళాలో ఎవరు మార్చినా, ముందు 'నిజంగానా?' అని ఒకసారి అడిగేలా పెడదాం. మీకూ, నాకూ, ఈయనకీ. ఒక్కరికే అయితే అవమానం. అందరికీ అయితే పద్ధతి."

ఆవిరమ్మ కోడలి వంక చూస్తూ ఉండిపోయింది. పొద్దుట్నుంచీ దీన్నా తను దొంగ అనుకున్నది?

"సరే, పెట్టు. నేను కూడా చూస్తాను" అంది.

కోడలు ఆవిడని మొదటి బల్ల దగ్గరే కూర్చోబెట్టి, తను వెనక నిలబడి, ఎక్కడ నొక్కాలో చెప్పింది. సెట్టింగుల పేజీ తెరుచుకుంది. ఎవరెవరు ఏమిటో వరసగా ఉంది. "చూడండి, మీ దగ్గర యజమాని అనే ఉంది. నేను ముట్టుకోలేదు" అంది కోడలు. ఆవిరమ్మ అది చూసి ఊరుకోకుండా కిందికి చదువుకుంటూ వెళ్ళింది. కొడుకు నిర్వాహకుడు. డ్రైవరు, ఇస్త్రీవాళ్ళు ఉద్యోగులు. అందరికంటే అడుగున కోడలు.

"ఇదేమిటిది? తాత్కాలిక సహాయకురాలు?"

"ఓ, అదా. సాఫ్ట్‌వేర్ అతను వచ్చిన రోజు నేనెవరో తెలీక అలా పెట్టాడు."

"ఆ రోజు సరే. ఇప్పటిదాకా అలాగే ఉందా?"

"పని ఆగదు కదత్తయ్యా. ఏదైనా మార్చాల్సొస్తే ఈయన పాస్‌వర్డ్‌తో మారుస్తుంటాను."

"మరి ఆ పాస్‌వర్డ్‌తోనే ఇదీ మార్చుకోకపోయావా?"

కోడలు నవ్వబోయింది. సరిగ్గా రాలేదు. "నా హోదా నేనే పెంచుకుంటే దొంగతనంలా ఉండదూ?"

"నన్ను అడగకపోయావా?"

"ఎలా అడుగుతానత్తయ్యా?"

అప్పుడే రెండో బల్ల మీద ఆఫీసు ఫోను మోగింది. ఏదో హోటలువాళ్ళు. కోడలు వెళ్ళి అందుకుని, "ఇప్పుడే బయల్దేరిందండీ, పొరపాటు మాదే" అని సర్దిచెప్పడం మొదలుపెట్టింది.

ఆవిరమ్మ ఆ రెండు మాటలకేసి చూస్తూ కూర్చుంది. తాత్కాలిక సహాయకురాలు. తనని ఒక మెట్టు కిందికి దించుతారేమో అన్న అనుమానానికే తను ఇల్లు పీకి పందిరేసింది. ఈ పిల్ల రోజూ పొద్దున్నే ఈ మాట చదువుకుని, ఆ తరవాత తనకి టీ పెట్టి, లాండ్రీ అంతా నెత్తినేసుకుని నడిపింది. ఎవరూ తొయ్యకుండానే తోసేశారని తను ఏడ్చింది. అసలు లోపలికే రానివ్వకపోయినా ఈ పిల్ల నోరెత్తలేదు. యజమాని అని పేరుంది గానీ, ఇంతకాలం తనకి కనబడాల్సింది కనబడనే లేదు. ఆవిడకి సిగ్గేసింది.

మాట పక్కన చిన్న బాణం గుర్తు ఉంది. నొక్కింది. హోదాలన్నీ వరసగా జారాయి. ఆవిడ వేలు కిందినించి ఒక్కొక్కటీ దాటుకుంటూ పైదాకా వెళ్ళి ఆగింది. తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. ఆవిరమ్మ కళ్ళజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ, కూడబలుక్కుని చదివింది: 'ఈ వ్యక్తికి మీతో సమానమైన హక్కులు వస్తాయి. తరవాత మీరు వాటిని వెనక్కి తీసుకోలేరు. కొనసాగించాలా?'

మాష్టారు వెనకనించి వంగి చూసి, భార్య భుజం మీద చెయ్యి వేశారు. ఆవిడ మరోసారి మొదట్నుంచి చదివి, నొక్కింది.

రెండో బల్ల మీద కోడలి ఫోను టింగుమంది. హోటలువాళ్ళతో మాట పూర్తి చేసి, యథాలాపంగా ఫోను చూసుకున్న మనిషి అలాగే ఆగిపోయింది. ఒకసారి తెర వంక, ఒకసారి అత్తగారి వంక చూసింది.

"అత్తయ్యా," అంది కంగారుగా, "మళ్ళీ ఏదో పొరపాటున నొక్కినట్టున్నారు."

"లేదమ్మా," అంది ఆవిరమ్మ. "ఈసారి చదివే నొక్కాను."